డెల్మార్ జింకలకు వేసిన మడి

మా పక్క పొలం డెల్మార్ జాబెల్‌కు ఎన్నడూ కుదురు లేదు. పాడి ఉన్నన్నాళ్లూ ఆవుల గురించి బెంగ, అవి అమ్మేశాక వానల గురించి బెంగ. పోయిన చలికాలం భార్య ఆర్డిస్‌కు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక, అతని బెంగకు అసలు కారణం దొరికింది.

మా ఉత్తర విస్కాన్సిన్‌లో నవంబరు వస్తే తుపాకులతో జింకల వేట. పెళ్లికి ముందునుంచీ ఆర్డిస్ ఒక్క ఏడూ మానలేదు. ఆసుపత్రి మంచం మీదే చెప్పేసింది: "నన్ను మూలన కూర్చోబెట్టి అల్లికలు చేతికిచ్చారో, ఊరుకోను! ఈ ఏడు నా జింకను నేనే కొడతా. ఎడంచేత్తో." డాక్టరు నవ్వాడు. డెల్మార్ నవ్వలేదు.

వేటకు కొండ ఎక్కే శక్తి ఆమెకిక లేదు. అందుకని జింకల్నే ఆమె దగ్గరికి రప్పించాలనుకున్నాడు. ఆగస్టులో అడవి అంచున పల్లం దున్ని టర్నిప్పులూ, ఓట్సూ చల్లాడు. మడి చివర నిచ్చెన అక్కర్లేని మంచె కట్టాడు. నేలమీదే చెక్కగది, ఒక కిటికీ, లోపల కుర్చీ. గట్టి మంచు తగిలాక టర్నిప్ ఆకు తియ్యగా మారుతుంది, అప్పుడిక జింకలు వద్దన్నా ఆగవు. మా దగ్గర ఇది పసిపిల్లలకు కూడా తెలుసు.

తెలిసి ఏం లాభం! మొలిచిందా, పురుగు పట్టిందా, ఏదైనా వచ్చి కొరికిందా అని ఆ మనిషి పొద్దునా సాయంత్రమూ మడికి పోయేవాడు. తెల్లారి గిట్టల జాడలు కనబడేవి గానీ, పగటిపూట ఒక్క జింకా వచ్చేది కాదు. నాకు ఒళ్లు మండింది.

"ఏమయ్యా, ఆ మడి జింకలకా, నీకా? రోజూ నువ్వే మేస్తున్నట్టున్నావు!"

"అవి రాకపోతే ఎలా, మైరన్? ఈ ఏడు కొట్టలేకపోతే ఆర్డిస్ ఇక మంచం దిగదు. నాకు తెలుసు."

"నీ వాసనకే అవి చీకటి పడేదాకా రావట్లేదు. ఇంట్లో కూర్చో!"

కూర్చున్నాడా? అబ్బే.

వేట మొదటిరోజు ఆర్డిస్‌కు వేటగాళ్లు వేసుకునే నారింజరంగు కోటు తొడిగి, మంచెలో దింపి ఇంటికొచ్చాడు. పొద్దు వాలుతున్నా తుపాకీ మోగలేదు. ఆ పల్లంలో ఫోన్ అందదు. ఆగలేక పరుగెత్తాడు. అప్పుడే మడిలోకి వచ్చిన కొమ్ముల జింక ఇతన్ని చూసి, తెల్లతోక ఎగరేసి అడవిలోకి దూకింది. కిటికీలోంచి ఆర్డిస్ తుపాకీ దించింది.

"అది గురికి అందేలా పక్కకు తిరగబోతోంది. ఇంకొక్క క్షణం ఆగలేకపోయావా?"

"పడిపోయావేమోనని..."

"పడితే పడతా! రేపు నన్ను దింపి మైరన్ ఇంటికి పో. చీకటి పడ్డాకే రా. ముందొచ్చావంటే నీతో మాట్లాడను."

మర్నాడు మా వంటింట్లో కూర్చున్నాడు పాపం. నేను పెట్టిన సూపు ముట్టనే లేదు. చుట్టుపక్కల అడవుల్లో తుపాకీ మోగినప్పుడల్లా లేచి నిలబడేవాడు.

"అది ఆమెదేనా? ఆమెదేనంటావా?"

"నాకేం తెలుసయ్యా, కూర్చో!" అన్నాను గానీ, సాయంత్రం ఒకటి పల్లం వైపే మోగింది. ఆ తర్వాత చప్పుడు లేదు. మంచు కురవడం మొదలైంది. నేనూ లేచి టార్చి వెతికాను.

చీకటి పడగానే టార్చి పట్టుకుని ఇద్దరం పోయాం. మంచె తలుపు తీస్తే కుర్చీ ఖాళీ. ఆర్డిస్ నేలమీద గోడకు జారగిలబడి ఉంది. పెదాలు నీలంగా మారాయి. డెల్మార్ కూలబడి ఆమె చేతులు రుద్దసాగాడు.

"లేచి చూడబోయి పడ్డా," అంది ఆమె, పళ్లు టకటకలాడుతుంటే. "కానీ నాకన్నా ముందు అది పడింది. టార్చి అటు వెయ్యి."

డెల్మార్ అటు చూడనేలేదు. టార్చి నేనే వేశాను. టర్నిప్పుల మధ్య కొమ్ముల జింక పడి ఉంది. అతను ఆమె చచ్చుబడిన చెయ్యి మొహానికి అదుముకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

"ఏడుపు తర్వాత," అంది ఆర్డిస్. "ముందు నన్ను లేపు. దగ్గరకెళ్లి చూడాలి."