బయాప్సీ అన్న మాట

నా భార్య జబ్బేమిటో డాక్టరు నాకు చెప్పలేదు. పక్కన నిలబడ్డ నా బావమరిదికి చెప్పాడు, అదీ ఇంగ్లీషులో. వాడు బి.ఏ., నేను ఐదో తరగతి. ఉయ్యూరులో సైకిళ్ళు బాగుచేసుకునేవాడికి ఏం అర్థమవుతుందిలే అనుకున్నారిద్దరూ. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆమెకు రొమ్ములో గడ్డ కనిపించింది. ఆ డెబ్భైల్లో మా వైపు అలాంటి జబ్బు పేరు ఎవరూ పైకి అనేవారు కాదు. బెజవాడ ఆస్పత్రిలో గడ్డలోంచి చిన్న ముక్క తీసి, వారం పోయాక రమ్మన్నారు. మెట్లు దిగుతూ బావమరిదిని నిలదీశాను.

"ట్యూమర్ బావగారూ. బయాప్సీ. మీరు కంగారుపడకండి," అన్నాడు, మొహం పక్కకు తిప్పుకుని.

రెండ్రోజుల్లో వీధంతా తెలిసిపోయింది. పక్కింటావిడ వచ్చి మంచం దగ్గర కూర్చుంది.

"బయాప్సీ వచ్చిందంటగా వదినా! మా తోడికోడలి అక్కకీ అదే వచ్చింది. నెల తిరక్కుండా పోయింది పాపం."

ఆవిడ గడప దాటగానే నా భార్య అంది: "ఏవండీ, నా మెరూన్ పట్టుచీర చెల్లికివ్వండి. ఈవిడకి మాత్రం జాకెట్టు గుడ్డ కూడా ఇవ్వొద్దు."

మర్నాడు షాపు మూసేసి బెజవాడ బస్సెక్కాను. గ్రంథాలయంలో లావుపాటి ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తీయించుకున్నాను. టైర్ల మీద రాతలు చూసి ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, నాకు పూటంతా పట్టింది. ట్యూమర్ లాటిన్ మాట. వాపు అని అర్థం, అంతే. బయాప్సీ గ్రీకు నుంచి వచ్చింది. బయోస్ అంటే జీవం, ఆప్సిస్ అంటే చూడటం. చచ్చాక కోసి చూసేది కాదు, బతికున్న మనిషి ఒంట్లోంచి కాస్త తీసి చూసేది. అసలది జబ్బు పేరే కాదు, పరీక్ష పేరు! ఈ ముక్క ఆ బి.ఏ. తెలుగులో చెబితే వాడి సొమ్మేం పోయింది?

ఇంటికొచ్చి ఆమెకు చెప్పాను.

"అయితే ఇంకా ఏదీ తేలలేదన్నమాట," అని లేచి కూర్చుంది. ఆ పూట కడుపునిండా అన్నం తింది.

వారం నిండిన రోజున ఆస్పత్రికి బావమరిదిని రావద్దన్నాను. డాక్టరు నా వెనక్కి చూస్తూ, "మీవాడు రాలేదా?" అన్నాడు.

"రాలేదండీ. ఆమె భర్తను నేను. బయాప్సీలో ఏం కనిపించిందో తెలుగులో నాకే చెప్పండి." గొంతు కాస్త పెద్దదే అయింది. బయట బెంచీ మీద ఉన్న నా భార్యకు కూడా వినిపించే ఉంటుంది.

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"కూర్చోండి. క్యాన్సర్ కాదండీ, మామూలు గడ్డ. ప్రాణానికేం భయం లేదు. ఆవిణ్ణి లోపలికి పిలవండి, ఆవిడకీ నేనే చెబుతాను."