డ్రమ్ము లోపలి పూత

అమ్మమ్మకి జనం పెట్టిన పేరు తుప్పమ్మ. ఆవిడ ఎదుట అన్నవాడికి ఆ పూట మూడినట్టే కాబట్టి చాటుగానే అంటారు. నాగలి, గొర్రు, ట్రక్కు, ఏది తుప్పు పట్టినా తాత షెడ్డుకే వస్తుంది. విరిగింది అతకడం తాత పని. గీకడం, రంగు వేయడం అమ్మమ్మ రాజ్యం. పెళ్ళయిన కొత్తలో తాత వేసిన రంగు నెల తిరక్కుండా పెచ్చులూడితే ఆయన చేతిలోంచి బ్రష్షు లాక్కుంది. ఇప్పటిదాకా తిరిగివ్వలేదు. మంచి బట్టలని దాచుకున్నవాటి మీద కూడా ఎక్కడో తుప్పు ఆపే ఎర్రరంగు చుక్క ఒకటి ఉంటుంది.

ఆ రోజు సాయంత్రానికి ఒక నూర్పిడి మిషను అప్పగించాలి. పైన పచ్చరంగు తళతళలాడుతోంది. గొడవంతా లోపలే. పంటను కొట్టి గింజ రాల్చే డ్రమ్ముకి ఒంటినిండా ఇనప పళ్ళు. వాటి మొదళ్ళలో తుప్పు మిగిలిందని అమ్మమ్మ. దానిమీదే ఒక పూత పూసెయ్, చాలని తాత.

"దాని కడుపులోకి ఎవడు తొంగి చూస్తాడే?" అన్నాడాయన.

"తుప్పు చూస్తుంది."

"నీ చాదస్తం తగలెయ్య!"

అంతే, మాటలు బంద్. మధ్యాహ్నం గిన్నె ఠంగుమంటే భోజనం తయారైందని, మూత ఠపీమంటే అయిపోయిందని తాతే అర్థం చేసుకున్నాడు.

మామూలుగా అమ్మమ్మ "దూరుతున్నా" అని అరిచాకే డ్రమ్ము దగ్గర తల పెడుతుంది. అది వినగానే తాత ఇంజను జోలికి పోడు. ఆ రోజు అరవాలంటే ఆయనతో మాట్లాడినట్టవుతుంది. ఆయన గ్రీజు కొనడానికి బయటికి వెళ్ళాడు, ఇంజనుతో డ్రమ్ముని తిప్పే బెల్టు చూస్తే నేలమీద ఉంది. ఇంకేం, గీకుడు రేకు, రంగు డబ్బా పట్టుకుని చెప్పాపెట్టకుండా దూరింది. నడుం దాకా లోపల, కాళ్ళు బయట. కుడిచెయ్యి పళ్ళ సందులోంచి అవతలి వరస దాకా పోయింది.

తాత రావడం మిషనుకి అటువైపు నుంచి వచ్చాడు. కూనిరాగం తీస్తూ పుల్లీకి బెల్టు తగిలించాడు.

'బిగువు చూసుకుంటున్నాడు కాబోలు' అనుకుంది అమ్మమ్మ. పలకరిద్దామంటే అభిమానం అడ్డొచ్చింది.

తర్వాత ఇంజనులో స్టార్టు చేసే హ్యాండిలు దూర్చిన చప్పుడు.

అమ్మమ్మ చెయ్యి లాక్కోబోయింది. తడి రంగుకి జారింది గానీ, మోచెయ్యి రెండు పళ్ళ మధ్య పట్టేసింది. గీకుడు రేకుతో టకటకా కొట్టింది. పక్క షెడ్డులో పొద్దున్నుంచీ రేకులు సాగగొడుతూనే ఉన్నారు, ఆ మోతలో ఇదెంత?

"ఏమండీ!"

ఆ పిలుపుకి తాత చెవులు ఎప్పుడో కాయలు కాచాయి. ఉప్పు అయిపోయినా ఏమండీయే, గొళ్ళెం ఊడినా ఏమండీయే.

"ఏమండీ, ఆగండి!"

డ్రమ్ము కదిలింది. వేలెడంత. ఒక పన్ను వచ్చి ముంజేతి ఎముక మీద ఆనింది. తాత ముందు మెల్లగా తిప్పి చూస్తాడు, తర్వాత ఊపిరి బిగబట్టి బలమంతా పెడతాడు. అటువైపు కూనిరాగం ఆగింది. ఊపిరి బిగబట్టాడు.

"ఒరేయ్!"

హ్యాండిలు ఠక్కున ఆగిపోయింది. తాతని అలా పిలిచే హక్కున్నవాళ్ళందరూ పోయి చాలాకాలమైంది.

"ఎవడ్రా అది?" అంటూ రెంచీ పట్టుకుని మిషను చుట్టూ వచ్చాడు. మడమల పగుళ్ళలో ఎర్రరంగు ఇంకిన రెండు పాదాలు కనిపించాయి.

రెంచీ ఎక్కడ పడిందో ఆయనకే తెలియదు. బెల్టు పీకేశాడు. డ్రమ్ముని వెనక్కి తిప్పాడు.

"ఎక్కడే చెయ్యి? ఇక్కడా? నొప్పా?"

"ఇంకొంచెం తిప్పండి... చాలు, చాలు!"

అమ్మమ్మ బయటికొచ్చింది. మొహమంతా ఎరుపే.

"అయ్యో, నెత్తురు!"

"రంగండీ బాబూ. నెత్తురింత చిక్కగా ఉంటుందా? రంగులో తిన్నరు పిసినారిగా కలిపారు, అదీ మీరే."

తాత నేలమీద కూలబడ్డాడు. తిడదామని నోరు తెరిచి, "చెప్పి దూరొచ్చు కదే," అన్నాడు.

"మీతో మాట్లాడట్లేదుగా."

"మరి ఒరేయ్ అన్నదెవరు?"

"పలికారుగా! ఇంకేం కావాలి?"

తాత ఆవిడ ముంజేతి మీద కమిలిన చోటు వేళ్ళతో తడిమి చూశాడు. విరగలేదు. లోపల ఇంకో వరస గీకాల్సి ఉంది. ఇద్దరూ దానివైపు చూశారు.

"దూరు," అన్నాడు తాత. "నిదానంగా కానివ్వు."

అమ్మమ్మ ఈసారి ఎడమచేత్తో మొదలుపెట్టింది. తాత బెల్టుని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని, ఇంజనుకి వీపు ఆనించి కూర్చున్నాడు.

బయట హారను మోగింది. మిషను యజమాని లోపలికొచ్చాడు.

"ఏం పెద్దాయనా, అయిందా? ఒక్కసారి తిప్పి చూద్దామా?" అంటూ హ్యాండిలు మీద చెయ్యి వేయబోయాడు.

తాత ఆ చేతి మీద ఒక్కటి వేశాడు.

"లోపల మనిషి ఉంది," అన్నాడు.