పెదవి కదిలితే మాట పడాలి

ఫిల్మ్‌నగర్‌లో మాకు డబ్బింగ్ నేర్పిన మాస్టారు రోజుకు పదిసార్లయినా ఒకటే మాట అనేవారు: "పెదవి కదిలితే మాట పడాలి." అంటూ రెండు వేళ్లతో తన పెదవి మీద తట్టుకునేవారు.

ఒకరోజు క్లాసులో ఓ పాత కామెడీ సీను ఇచ్చారు. నా డైలాగులో నల్లజాతి వాళ్లను వెక్కిరించే మాట ఒకటుంది. నా పక్కన కూర్చున్న అమ్మాయిది ముత్తాతల నాడు ఆఫ్రికా నుంచి వచ్చి, ఇప్పుడు షేక్‌పేటలో ఉంటున్న కుటుంబం. మైకు ముందు నిలబడి, ఆ మాట దాకా వచ్చి ఆగిపోయాను.

"ఏమ్మా, ఆగిపోయావేంటి?" అన్నారు మాస్టారు.

నేను ఆ అమ్మాయి వైపు చూశాను.

"చదువక్కా, ఏం గాదు," అంది తను. "బస్టాపుల నన్ను రోజు గదే అంటరు. నా చిన్నప్పుడు గీ సినిమా వచ్చినంకనే షురూ అయింది."

ఎవరైనా నవ్వేసి తేలిగ్గా తీసిపారేస్తారేమో అనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. మాస్టారి వేళ్లు పెదవి మీదికి వెళ్లి అక్కడే ఉండిపోయాయి.

"తెర మీద ఆ గొంతు నాదేనమ్మా," అన్నారు చివరికి. "జనం నవ్వాలని పదకొండు టేకులు చెప్పాను."

సీను మళ్లీ వేయించి, ఈసారి మైకు దగ్గరికి ఆయనే వెళ్లారు. డైలాగంతా చెప్పారు. ఆ చోట మాత్రం తెర మీద పెదవులు కదిలాయి, మాట పడలేదు.

ఆ అమ్మాయి కుర్చీలో ముందుకు జరిగింది.

"జర మళ్లొక్కసారి వెయ్యుండ్రి సార్," అంది.