సులోచన క్రేట్లు, నా వెదురు గంపలు

ప్రభువు సన్నిధిలో కూర్చున్న సహోదరులారా, అక్కచెల్లెండ్లారా, అందరూ జబ్బు బాగైందని సాక్ష్యం చెప్తారు, నాకు ఒంట్లో ఏ జబ్బూ లేదు, కడుపుమంటే నా జబ్బు! పుంగనూరులో వెదురు గంపలు అల్లే ఇల్లు మాది, మదనపల్లె మార్కెట్ యార్డుకు టమోటాలు మా గంపల్లోనే పోయేవి, అట్లాంటిది ప్లాస్టిక్ క్రేట్లు వచ్చినాయి, మా ఎదురింటి సులోచన అందరికంటే ముందు వాటిని తెచ్చి రైతులకు బాడుగకు ఇచ్చింది, మా గంపలు అడిగే దిక్కు లేక పంచలో బూజు పట్టినాయి.

ఆమె వాకిట్లో క్రేట్లు దించే చప్పుడు వింటే నాకు అన్నం దిగేది కాదు! ఆమె నవ్వితే నాకు ఏడుపు, పలకరిస్తే ఇంకా ఏడుపు. "ప్రభువా, ఆ క్రేట్లన్నీ పగిలిపోవాల" అని మోకాళ్ల మీద ప్రార్థించినాను, ఆమెన్ కూడా గట్టిగానే చెప్పినాను!

మన స్త్రీల కూడికలో పక్కన ఎవరు కూర్చుంటే వాళ్ల చెయ్యి పట్టుకొని వాళ్ల కోసమే ప్రార్థించాల గదా, అందుకని నేను సులోచనకు దూరంగానే కూర్చునేదాన్ని. ఒకనాడు ఆమె ఆలస్యంగా వచ్చి, ఖాళీ ఉందని నా పక్కనే కూర్చునింది! నా చెయ్యి పట్టుకొని, "తండ్రీ, మా అక్క చేతిపని నిలిచిపోనీయొద్దు, నా వల్ల ఆమె పొయ్యి ఆరిపోతే నేనెట్ల తినేది" అని ఏడ్చేసింది. నా వంతు వచ్చింది. "ప్రభువా, ఈమె క్రేట్లు" అన్నాను, పగిలిపోవాలనే మాట నాలిక చివరిదాకా వచ్చి ఆగింది. "నిండుగా పోయి క్షేమంగా తిరిగి రానీ" అనేశాను, ఆ మాట నాది కాదు, ఆయనే పలికించినాడు!

బయటికొచ్చినాక సులోచన, "అక్కా, కుప్పం పక్క మా పుట్టింటోళ్లు పట్టుపురుగులు సాకతాండారు, పురుగులు గూడు కట్టేదానికి వెదురు చంద్రికలు కావాల, అల్లేవాళ్లు యాడా దొరకలేదంట, ఇది చెప్పాలని ఎన్నిసార్లు వచ్చినా నువ్వు తలుపేస్తాంటివి గదా!" అనింది. నేనూ మా ఆయనా కుప్పం పోయి, పాత చంద్రిక ఒకటి చూసి నేర్చుకొని అల్లినాము, ఈ పొద్దు మాకు వెదురు తెచ్చింది తెచ్చినట్టే అయిపోతాంది, దేవునికే మహిమ!

మంట పూర్తిగా ఆరిందా అంటే, దేవుని ఇంట్లో అబద్ధం చెప్పకూడదు, మొన్న ఆమె వాకిట్లో కొత్త వ్యాను నిలబడితే కడుపులో చురుక్కుమనింది. వెంటనే ఆమె పేరు పెట్టి ప్రార్థించినాను. మీరూ ఎవరిని చూసి ఏడుస్తాండారో వాళ్ల పక్కనే పోయి కూర్చోండి, మిగిలింది ప్రభువు చూసుకుంటాడు, నమ్మండి! సులోచనా, యాల నవ్వుతాండావమ్మా, ఇట్ల రా, నీ చెయ్యి ఇయ్యి, ఆ వ్యాను కోసం ప్రార్థన చేద్దాము.