గంగరాజు ఫోటో కోసం పదహారు జీబీ

మా పద్మశ్రీగారితో “ఇది కుదరదండీ” అన్నారా, ఇక మీ పని అయిపోయినట్టే. కుదిర్చి చూపించేదాకా ఆవిడకి అన్నం సయించదు. పటమటలో ఆవిడ ఫోటో స్టూడియోలో నేను ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను కాబట్టి, ఆ మొండితనాన్ని రోజూ భరించేది నేనే.

ఆవిడ పుట్టిల్లు సముద్రం ఒడ్డున గిలకలదిండి. తండ్రి చేపల వేటకెళ్లేవాడు. ఆ తీరంలో పెళ్లిళ్లన్నీ ఇప్పటికీ ఆవిడే తీస్తారు. తీసిన ఫోటోలన్నీ స్టూడియో మూలనున్న నాస్ పెట్టెలోకి చేరతాయి. ఫోటోలు దాచడానికే పెట్టిన చిన్న కంప్యూటర్ అది. మా కంప్యూటర్లన్నీ ఫోటోలకి దాని మీదే ఆధారపడతాయి.

ఒకరోజు పేరమ్మ వచ్చింది. పద్మశ్రీగారికి వరసకి పిన్ని, చేపలమ్ముతుంది. భర్త గంగరాజు వేటకెళ్లి తిరిగిరాలేదు. ఫోటోలున్న ఫోన్ కూడా ఆయనతోపాటే సముద్రంలోకి పోయింది. సంవత్సరీకం దగ్గరపడింది. మిగిలిన ఫోటో ఆధార్ కార్డు మీదది ఒక్కటే.

“దొంగని పట్టుకొచ్చి నిలబెట్టినట్టున్నాడమ్మా. ఈ మొహానికి నేను దండెయ్యలేను,” అంది పేరమ్మ.

గంగరాజు కెమెరా కనిపిస్తే తప్పుకునే మనిషి. అయినా ఇన్ని పెళ్లిళ్లలో ఎక్కడో ఓ మూల పడకపోడు. మొహం చూపిస్తే అలాంటి మొహాల్ని వెతికే సాఫ్ట్‌వేర్ ఆ పెట్టెలోనే ఉంది. ఆధార్ ఫోటో ఇచ్చి వెతకమన్నాం. కాసేపు గురగురలాడి ఆగిపోయింది. ర్యామ్ చాలలేదు. ఉన్నది ఎనిమిది జీబీ, కంపెనీవాళ్లు ఒప్పుకునేదీ అంతే. ఫోన్ చేస్తే, “అంతకుమించి వేస్తే వారంటీ ఉండదు మేడమ్. కుదరదు,” అన్నారు.

అనకూడని మాటే అన్నారు.

పద్మశ్రీగారు ముందు ఫోటోలన్నీ వేరే డిస్కుల్లోకి కాపీ చేశారు. “పెట్టె పోయినా పెళ్లిళ్లు పోకూడదు,” అన్నారు. తర్వాత గవర్నర్‌పేట వెళ్లాం. కంప్యూటర్ షాపు శరత్‌చంద్రగారు తల అడ్డంగా ఊపారు.

“ఆ పెట్టెకి పదహారు జీబీనా? పాడైతే నన్ననకూడదండీ.”

“అననులెండి. ర్యామ్ ఇవ్వండి.”

కొత్త ర్యామ్ పెట్టి ఆన్ చేస్తే పెట్టె బీప్‌మని ఊరుకుంది. ఇక పోయిందనుకున్నాను నేను. ఆవిడ మాత్రం ఆపి, ర్యామ్ ఊడదీసి, తుడిచి, క్లిప్పు టక్కుమనేదాకా నొక్కారు. మొండికేసిన పిల్లాణ్ణి చెవి పట్టుకుని కూర్చోబెట్టినట్టే. ఈసారి పచ్చలైటు వెలిగింది. స్క్రీన్ మీద పదహారు కనిపించింది. నేను చప్పట్లు కొట్టాను. ఆవిడ కొట్టలేదు. రోజంతా మెమరీ టెస్ట్ నడిపి, ఒక్క తప్పూ లేదని తేలాకే మళ్లీ వెతకమన్నారు.

ముందు ఎవరెవరివో మొహాలు వచ్చాయి, వంటవాళ్లవీ, సన్నాయి వాయించేవాళ్లవీ. ఆ తర్వాత గంగరాజు వచ్చాడు. పెళ్లి భోజనాల బంతిలో కూర్చుని నోరారా నవ్వుతున్నాడు. వెనకనించి ఎవరిదో చెయ్యి ఆయన భుజమ్మీదుంది, నిండా ఎర్రగాజులతో. మనిషి ఫోటోలో పడలేదు.

కబురు పెడితే వచ్చిన పేరమ్మ ఫోటో చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ చెయ్యి తనదే. ఇప్పుడా గాజుల్లేవు.

వెంటవచ్చిన మరిది గంగాధర్ మెల్లగా అన్నాడు. “బతికున్న మనిషి చెయ్యి దండేసే ఫోటోలో ఉండకూడదు వదినా, అరిష్టం. అమ్మాయీ, అది తీసెయ్యి.”

పద్మశ్రీగారు మౌస్ అందుకున్నారు.

“తియ్యొద్దమ్మా,” అంది పేరమ్మ. “నాకింకేం అరిష్టం మిగిలింది గంగాధరూ? ఆ పొద్దున పడవెక్కుతుంటే వద్దని పట్టుకోలేకపోయాను. ఇక్కడైనా ఉండనీ నా చెయ్యి.”

పద్మశ్రీగారు ఫోటోని ఉన్నదున్నట్టుగా ప్రింటుకి పంపారు.