నన్ను యువకవిని చేసిన సమీక్ష

కోయిలకుంట్ల బడిలో పంతులుగిరీ విరమించాక, పెట్టె అడుగున పడివున్న నా కావ్యాన్ని పాత శిష్యులు పట్టుబట్టి అచ్చు వేయించారు. అది నా పాతికేళ్ల వయసులో రాసింది. చెదలు తిన్న చోట పద్యాలు వదిలేశాం. ముందుమాట రాసుకునే ఓపిక నాకు లేకపోయింది. పెద్దలెవరికీ అంకితమివ్వని పుస్తకాన్ని ఆ రోజుల్లో ఎవరు పట్టించుకుంటారు?

ఎవరూ పట్టించుకోలేదు. ఏడాది గడిచాక ఒక మధ్యాహ్నం, పక్కింట్లో ఉండే బట్టల దుకాణం సాయెబు మద్రాసు వారపత్రిక పట్టుకుని ఎండలో పరుగెత్తుకొచ్చాడు.

"అయివారూ, మీ పుస్తకం గురించి శానా బాగా రాసినారు, ఇనండి" అని గుమ్మంలోనే చదవడం మొదలుపెట్టాడు.

నిజంగానే బాగా రాశారు. సమీక్షకుడెవరో నాకు తెలియదు. వాన కోసం మొగులు వైపు చూసే రైతు మీది పద్యాలను ఒక్కొక్కటే ఎత్తి చూపాడు. చివరికి వచ్చేసరికి సాయెబు ఆగి నా నెరిసిన తల వంక చూశాడు. ఈ యువకవి చేయి తిరిగేకొద్దీ ఇంతకంటే మంచి కావ్యాలు రాస్తాడనీ, వాటికోసం ఎదురుచూస్తాననీ ఉంది. పుస్తకంలో నా వయసు చెప్పే మాట ఒక్కటీ లేదు మరి, ఆయన మాత్రం ఏం చేస్తాడు! చదువు విని లోపలి నుంచి వచ్చిన మా ఆవిడతో కలిపి ముగ్గురం నవ్వాం. ఆమె అయితే కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

మంచి సమీక్షకు పద్యాల్లోనే కృతజ్ఞత చెప్పుకోవడం మా కాలపు మర్యాద. మరునాడు పొద్దున్నే కూర్చున్నాను. మొదటి పాదం ఎలాగో పడింది. రెండోది యతి దగ్గర మొరాయించింది. ఒకప్పుడు పొలం గట్టున నడుస్తూ పద్యాలు చెప్పినవాణ్ణి. పిల్లల ఎక్కాలో, కరువులో, ఇంట్లో చావులో, ఏది ఎప్పుడు తినేసిందో గానీ పద్యం నాలో లేదు. వెతికినకొద్దీ అలసటే దొరికింది.

"ఏమప్పా, సంగటి సల్లారిపోతాండాది. యాడిదాకా వచ్చినాయి పద్యాలు?" అంది మా ఆవిడ.

"రాల్యా."

"ముసిలోణ్ణని రాసి పడెయ్. ఆయప్ప ఊరికే యాల ఎదురుచూడాల?"

ఆమె అన్నది నిజమే. కానీ ఆ మాట రాయడానికి చేయి రాలేదు. ఇన్నేళ్లలో నా నుంచి ఇంకా ఏదో వస్తుందని ఆశపడ్డవాడు ఆయనొక్కడే. అలాగని అబద్ధమూ ఆడలేను. సాయంత్రం కార్డు తీసి మామూలు మాటల్లోనే రాశాను:

"అయ్యా, మీరు మెచ్చుకున్న కుర్రవాణ్ణి నేనెరుగుదును. ఆ కావ్యం తరువాత బతుకుతెరువులో పడి మళ్లీ ఏమీ రాయలేదు. మీ మాటలు అప్పుడే విని ఉంటే రాసేవాడు. అతని బదులు నేను దండం పెడుతున్నాను."