కాక కోసమని ఏరిన వైసు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నా పని పట్టుకోవడం. నీళ్ళు మోయడం అవ్వ పని, బొగ్గుల పొయ్యి రాజేయడం అక్క పని. సాయంత్రం బాపు అరుగు మీద కూర్చుని ఆకురాయి అందుకుంటే, ఆయన అరగదీసే ఇనుప ముక్కను కదలకుండా పట్టుకోవడం నా పని. అమ్మను అవ్వ అనీ నాన్నను బాపు అనీ పిలిచే ఇల్లు మాది. గోదావరిఖనిలో కంపెనీ క్వార్టరు. పొద్దస్తమానం ఎక్కడో ఒక పొయ్యి పొగ, ఎప్పుడూ ఎవరో ఒకరు డ్యూటీ దిగి కాళ్ళీడ్చుకుంటూ వస్తున్న అడుగుల చప్పుడు. ఆ కాలనీలో అలసిపోని మనిషిని నేను చూడలేదు.

బాపు బొగ్గుబాయిలోకి దిగి పనిచేసేవాడు. ఒకనాడు బొగ్గు మోసే రెండు టబ్బుల మధ్య ఆయన కుడిచెయ్యి నలిగిపోయింది. చాలా రోజులు దవాఖానలో ఉండి వచ్చాడు. బొటనవేలు ఒక్కటే మునుపటిలా కదిలేది. మిగతా వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుని అలాగే బిగుసుకుపోయాయి. ఆ తర్వాత ఆయనను కిందికి పంపలేదు. పైన ల్యాంపు రూములో తేలిక డ్యూటీ వేశారు. బాయిలోకి దిగేవాళ్ళకు దీపాలు అందించడం, తిరిగొస్తే తీసుకోవడం. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు కానీ, దీపం అందుకునే మనిషి కళ్ళు ముందు ఆయన చేతి మీద పడి, తర్వాత ముఖం మీదికి వచ్చేవట. అప్పటినుంచి బాపు కండువాను భుజం మీద వేసుకోవడం మానేసి కుడిచేతికి చుట్టుకునేవాడు.

చెయ్యి పోకముందు ఆయనకు మరమ్మతు పనులంటే ప్రాణం. కాలనీలో తాళం పట్టేసినా, స్టవ్ వెలగకపోయినా, కత్తిపీట మొద్దుబారినా మా అరుగు మీదికే వచ్చేది. చెయ్యి పోయాక కూడా ఆ పని వదల్లేదు. వదిలితే ఇక తానేమీ కానని భయమేమో. ఎడమచేత్తో ఆకురాయి పట్టేవాడు. పని ముక్కను ఇనుప దిమ్మ మీద ఆనించి, పట్టుకారుతో నొక్కి పట్టేదాన్ని నేను. ఆకురాయి ఒక్కొక్క రాపిడికీ ఆ వణుకు నా మణికట్టు మీదుగా భుజం దాకా పాకేది. మర్నాడు బడిలో బలపం పట్టుకుంటే వేళ్ళు నావి కానట్టుండేవి. అయినా నేను నొప్పి అని ఎన్నడూ అనలేదు. అంటే బాపు ఆకురాయి కింద పెట్టేస్తాడు, మళ్ళీ ఎత్తడు అని నాకు తెలుసు. ఆ వయసులో అదెలా తెలిసిందో చెప్పలేను.

పక్కింటి కాక కంపెనీ లారీ నడిపేవాడు. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడేవాళ్ళు, మాతో తెలుగు. ఆయన ఎన్నోసార్లు బాపుతో ఒక వైసు తెచ్చుకొమ్మని అన్నాడు. వైసంటే బల్లకు బిగించే ఇనుప దవడలు. పిడి తిప్పితే రెండు దవడలూ దగ్గరికొచ్చి, మధ్యలో పెట్టిన వస్తువును కదలనీయకుండా పట్టుకుంటాయి. బాపు ఎప్పుడూ ఒకటే జవాబు చెప్పేవాడు. "ఎందుకు భాయ్? చెయ్యి మంచిగైతది గద." ఏడాది దాటినా ఆ మాటే. చెయ్యి బాగుపడదని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మాట పైకి అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

ఒక సాయంత్రం పట్టుకారు చేతిలో ఉండగానే నేను కునికాను. ముక్క జారింది, ఆకురాయి నా మణికట్టును గీరుకుపోయింది. పెద్ద గాయం కాదు కానీ రక్తం బాగా వచ్చింది. బాపు కండువా కొస చించి నా చేతికి చుట్టాడు. చుట్టగలిగాడు కానీ ముడి వేయలేకపోయాడు. ఒక కొస పళ్ళతో పట్టుకుని, రెండో కొస ఎడమచేత్తో లాగుతూ ప్రయత్నించాడు. ముడి పడలేదు. డ్యూటీ దిగి వస్తున్న కాక అది చూసి, వచ్చి పక్కన కూర్చుని కట్టు కట్టాడు. బాపు లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ పూట అన్నం దగ్గరికి కూడా రాలేదు.

తర్వాత వచ్చిన సెలవునాడు పొద్దున్నే కాక మా గడపలో నిలబడ్డాడు.

"భాయ్, నాకో వైసు కావాలె. మంచిర్యాలల దొరుకుతయంటున్నరు. ఇనుము సంగతి నాకేమెరుక? నువ్వొచ్చి ఏరిపెట్టు. పొల్లను గూడ తీస్కరా, రైలెక్కుతది."

తనకోసమైతే బాపు కదిలేవాడు కాదు. పొరుగువాడి పనికి కాదనలేక బయల్దేరాడు. రామగుండం స్టేషన్‌లో ప్యాసింజరు ఎక్కాం. ఎండాకాలం. వంతెన మీద నుంచి చూస్తే గోదావరిలో ఇసుకే ఎక్కువ, నీళ్ళు తక్కువ. బాపు కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు.

మంచిర్యాల ఇనుప సామాను దుకాణంలో సేటు నీలం రంగుతో తళతళలాడుతున్న వైసును ముందుకు జరిపాడు. కాక సంబరంగా దాని మీద చెయ్యి వేశాడు. బాపు వంగి, దాని మెడ దగ్గర గోటితో గీకాడు. రంగు కింద నుంచి, పూడ్చిన లప్పం పొడిపొడిగా రాలింది. లోపల సన్నటి పగులు బయటపడింది.

"గిది వద్దు. ఒక్క సుత్తె దెబ్బకు ఇరుగుతది," అన్నాడు.

ఇక ఆయన తనను తాను మరిచిపోయాడు. సేటు దగ్గర చిన్న సుత్తి అడిగి తీసుకుని, ఒక్కొక్కదాన్ని తట్టి చెవి ఒగ్గి విన్నాడు. ఒకటి గంటలా మోగితే, ఇంకొకటి పగిలిన కుండలా పలికింది. దవడలు పూర్తిగా తెరిచి ఊపి చూశాడు. మూసి, వాకిలి వెలుతురుకు ఎదురుగా నన్ను వంగి చూడమన్నాడు. సందులోంచి వెలుగు కనిపిస్తే పక్కన పెట్టించాడు. "ఇప్పుడు గింత ఊగుతాంది గద బిడ్డా, రేపు పనిల పడ్డంక గదే పెరుగుతది. ఊగేది దేన్నీ పట్టదు," అని నాకు చెప్పాడు. దెబ్బ తగిలాక ఆయన అంత మాట్లాడగా నేను వినలేదు. చివరికి నల్లటి పెద్ద వైసు ఒకటి తేల్చాడు. "గిది కొను. నీ మనుమల దాక ఆగుతది."

కాక ఆ వైసు వంక చూడలేదు. "మంచిగున్నది భాయ్. ఒక్కసారి నువ్వు తిప్పి సూడు. కుడిచేత్తోని."

బాపు ముఖం మారింది. "కొనేది నీకు గద. నా చెయ్యితోని ఏం పని?"

"నాకెందుకు భాయ్ వైసు? పానా పట్టుకునుడే నాకు సక్కగ రాదు," అన్నాడు కాక. తర్వాత గొంతు తగ్గించి, "పొల్ల చెయ్యి సూసినవా?" అన్నాడు.

బాపు గిర్రున తిరిగి దుకాణం మెట్టు దాకా వెళ్ళాడు. మాకు వీపు పెట్టి రోడ్డు వంక చూస్తూ నిలబడ్డాడు. ఇక వెళ్ళిపోతాడనే అనుకున్నాను. కాక పిలవలేదు. నేనూ పిలవలేదు. కాసేపటికి బాపు తనే వెనక్కి వచ్చాడు. కండువా విప్పి నా భుజం మీద వేసి, ముడుచుకుపోయిన ఆ చేతిని అందరి ముందూ వైసు పిడి మీద పెట్టాడు. పెద్ద వైసు పిడి కదల్లేదు. ఒళ్ళంతా వంచి తోశాడు. నుదుట చెమట పట్టింది కానీ పిడి కదల్లేదు. సేటు మేకుల డబ్బాలు సర్దుతున్నట్టు అటు తిరిగాడు.

"ఆ పక్కది ఇయ్యి సేటు," అన్నాడు బాపు.

అది అంతకుముందు తట్టి, మంచి ఇనుమే కానీ చిన్నదని పక్కన పెట్టింది. మళ్ళీ తట్టాడు, మళ్ళీ ఊపాడు. ఎడమచేత్తో దవడల మధ్య ఒక బోల్టు పెట్టి, కుడి అరచేతి మొదలుతో పిడిని తోశాడు. మర, నూనె పోసినంత సాఫీగా తిరిగింది. బోల్టు బిగుసుకుంది. లాగి చూశాడు, రాలేదు. విప్పి మళ్ళీ బిగించాడు. అలా చాలాసేపు చేశాడు, ఎవరూ తొందర పెట్టలేదు.

"నాకు గిది సాలు," అన్నాడు చివరికి. డబ్బులు కూడా తనే ఇచ్చాడు.

తిరుగు రైల్లో గోనెసంచిలో వైసు మా కాళ్ళ దగ్గర ఉంది. బాపు నా మణికట్టు పట్టుకుని పక్కు కట్టిన గాయాన్ని చూశాడు.

"నొస్తే చెప్పాలె గద బిడ్డా. చెప్పకపోతే నాకెట్ల ఎరుక?"

"నువ్వు చెప్పినవా బాపు?" అన్నాను. ఎదురు చెప్పాలని కాదు, నోటికి వచ్చేసింది.

కాక కిటికీలోంచి నదిని చూస్తూ ఉండిపోయాడు. "లేదు బిడ్డా, నేను సుత చెప్పలె," అన్నాడు బాపు, వంతెన దాటాక. ముడుచుకున్న వేళ్ళను చూసుకుంటూ, "గీ చెయ్యి ఇంక మంచిగ కాదు. నాకు మస్తు అలుపైతాంది," అన్నాడు. ఆ మాట అన్నాక ఆయన భుజాలు కిందికి దిగడం చూశాను. నేను ఆయన ఒడిలో తల పెట్టి, స్టేషన్ వచ్చేదాకా ఒళ్ళెరగకుండా నిద్రపోయాను.

పాత టేకు చెక్కతో అరుగు మీద బల్ల వేసి, బాపు మోచేతి ఎత్తుకు సరిగ్గా ఆ వైసును బిగించారు. ఆ సాయంత్రం ఆయన ఒక్కడే కూర్చుని ఎవరిదో తాళం చెవి అరగదీశాడు. నేను అలవాటు కొద్దీ వెళ్ళి పక్కన నిలబడ్డాను. "పో బిడ్డా, ఆడుకో పో," అన్నాడు. ఆడుకోవడానికి ఓపిక లేదు. పొయ్యి రాజేస్తున్న అక్క పక్కన ఊరికే కూర్చున్నాను.

ఇప్పుడు నాకు ఆనాటి బాపు కంటే రెట్టింపు వయసు. మా ఆయన పక్షవాతంతో మంచం పట్టారు. లేపడం, కూర్చోబెట్టడం, తినిపించడం, ఒళ్ళు తుడవడం అన్నీ నేనే చేస్తాను. చేయడం నాకు ఇష్టమే. కానీ చేతకాని రోజులుంటాయి. అలాంటి రోజున పళ్ళు బిగబట్టి ఊరుకోవడం ఎంత తేలికో, అది ఎంత దూరం పోతుందో నాకు తెలుసు. నిన్న పొద్దున మా కోడలిని పిలిచి, "ఇవ్వాళ నాతోని కాదు బిడ్డా, అలిసిపోయిన," అన్నాను. ఆ పిల్ల చీర కొంగు దోపుకుని లోపలికి వెళ్ళింది. నేను బయట కుర్చీలో కూర్చుని, చాలా రోజుల తర్వాత వేడివేడిగా చాయ్ తాగాను.